కోటిలింగాలతో ఆగిపోకండి: కేజీఎఫ్, కోలారుల్లో మా రెండు రోజులు

పలమనేరు నుంచి వి.కోట మీదుగా కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు మాకు గంటన్నర దారి. అయినా ఇన్నేళ్లూ కమ్మసంద్ర కోటిలింగాల గుడికి పోవడం, పెద్ద లింగం ముందు ఫోటో దిగడం, చీకటి పడేలోపు ఇల్లు చేరడం, ఇంతే. ఈసారి అమ్మతోపాటు మా మామను కూడా కారెక్కించుకుని పోయాం. ఆయన చిగురుగుంట గనిలో పనిచేసిన మనిషి. కోలారు బంగారు రాతిపొర కర్ణాటక సరిహద్దులో ఆగిపోదు, కుప్పం పక్కన గుడుపల్లె మండలం దాకా వస్తుంది. చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ పొర మీదివే. 2001లో కేజీఎఫ్‌తోపాటే అవీ మూతపడ్డాయి.

ముందుగా బేతమంగల చెరువు దగ్గర ఆగాం. పాలారు మీద కట్టిన ఈ చెరువు నీళ్లే గనుల ఊరికి పోయేవి. పొద్దున్నే గట్టు మీద చల్లగాలి, నీళ్లలో కొంగలు. అరగంట చాలు.

తర్వాత పెద్దపల్లి దగ్గరి రాళ్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. దూరం నుంచి చూస్తే మామూలు బండలే. దగ్గరికి పోయి వంగి చూస్తే, బెల్లం పాకంలో చెనక్కాయ పప్పులు ఇరుక్కున్నట్టు, నల్లటి రాతిలో వేరే రంగుల రాళ్లు పెద్దవీ చిన్నవీ ఇరుక్కుని ఉన్నాయి. 250 కోట్ల ఏళ్ల కంటే ముందు అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిదలో చిక్కుకున్న రాళ్లవి. అమ్మ ఒకదాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. పిల్లలతో పోయేవాళ్లు ఈ చోటు వదలొద్దు. నీడ ఉండదు కాబట్టి పదిలోపే చూసేయాలి.

కేజీఎఫ్‌లో గని లోపలికి ఎవరినీ పంపరు. 2001 ఫిబ్రవరి 28న పని ఆపేశాక కింది సొరంగాలన్నీ నీళ్లతో నిండిపోయాయి. రోడ్డు మీంచే షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) ఇనుప చట్రాలు చూసుకోవాలి. చాంపియన్ రీఫ్ గని దగ్గర కారు ఆపి మామ చెప్పుకుంటూ పోయాడు. ఇక్కడ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి దాదాపు 148 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, అంటే మూడేళ్ల తర్వాత. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను 1965లో ఈ గని లోతుల్లోనే పట్టుకున్నారు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవే. చదవనిది ఒకటి, గనిలోకి దించే బోను (లిఫ్టు) గురించి, మామ చెప్పాడు: "బోనులో దిగేటప్పుడు ఎవరం మాట్లాడేవాళ్లం కాదురా. చెవులు మూసుకుపోతాయి. కింద తలుపు తీయగానే వేడి మొహాన కొడతాది."

సైనైడ్ దిబ్బలు ఊరంతా కనిపిస్తాయి. బంగారం తీసేశాక మిగిలిన పిండి అది. వానలకు కోసుకుపోయి నిలువు గాట్లు పడ్డాయి. పట్టుకుంటే విభూతి అంత మెత్తగా ఉంటుందని మామ అన్నాడు కానీ మమ్మల్ని పట్టుకోనివ్వలేదు. గాలి వీచే రోజుల్లో ఆ దుమ్ము గని కార్మికుల లైన్ల (వరుస) ఇళ్లలోకే పోతుంది. ఫోటోలకు బాగుంటుందని దిబ్బ ఎక్కేవాళ్లను చూశాం. ఎక్కొద్దు, పిల్లల్ని అసలు ఎక్కనివ్వొద్దు.

సాయంత్రం మారికుప్పం స్టేషన్‌కు పోయాం, బంగారుపేట నుంచి వచ్చే లైనుకు అదే చివర. గనులు పోయాక ఈ ఊరి జనం వేలమంది రోజూ బెంగళూరుకు పోయి పనిచేసి వస్తున్నారు. బండి ఆగగానే భుజాన సంచులు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బాలతో దిగి, ఎవరి లైను వైపు వాళ్లు గబగబా నడిచిపోయారు. తమిళం ఎక్కువ, మధ్యలో మన తెలుగు, కన్నడం. వాళ్లు కనుమరుగయ్యేదాకా మామ చూస్తూ నిలబడ్డాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ పది నిమిషాలే.

రాత్రి కేజీఎఫ్‌లోనే రాబర్ట్‌సన్‌పేటలో ఒక లాడ్జిలో దిగాం, అది తప్పయింది. వేడినీళ్లు ఉన్నాయన్నారు, తెల్లారి చూస్తే మామూలు నీళ్లు కూడా లేవు. అమ్మకు స్నానం లేకుండా గుడికి పోవాల్సి వస్తుందేమోనని టెన్షన్. చివరికి బకెట్‌తో తెచ్చిచ్చారు. కుటుంబంతో పోయేవాళ్లు కోలారులో హైవే పక్క హోటళ్లలో దిగడం మేలు, అద్దె కొంచెం ఎక్కువైనా సరే. తిండి మాత్రం రాబర్ట్‌సన్‌పేటలోనే తినండి. ఎం.జి. మార్కెట్ పక్కన చిన్న మెస్‌లో రాగిముద్ద, ఉలవచారు అన్నం తిని మామ రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

కమ్మసంద్ర కోటిలింగేశ్వరుణ్ణి రెండో రోజు ఎనిమిదికల్లా చూశాం. 108 అడుగుల లింగం, ఎదురుగా నంది, చుట్టూ భక్తులు ప్రతిష్ఠించిన లింగాలు లెక్కలేనన్ని. పదకొండు దాటితే నేల కాళ్లు కాలుస్తుంది.

కోలారులో కోలారమ్మ గుడికి తప్పక పోవాలి. చోళుల కాలం నాటిది, గోడల మీద తమిళ శాసనాలున్నాయి. లోపల తేళ్ల తల్లి చేళమ్మ కూడా ఉంది. తేలు కుట్టకుండా కాపాడుతుందని జనం మొక్కుతారు. కానుకలు వేసే హుండీ నేలలోనే గుంటగా ఉంటుంది. కోలారు పక్క కొండ మీది అంతరగంగకు మెట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా ఎక్కాలి. రాతి బసవన్న నోట్లోంచి నీళ్లు పడుతుంటాయి. కోతులు మా అరటిపళ్ల సంచి లాక్కున్నాయి, చేతిలో తిండి పెట్టుకోవద్దు.

తిరుగుదారిలో ముళబాగిలు వైపు మళ్లి ఆవని పోయాం. నొళంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వరాలయం, ఒకే ప్రాకారంలో రాముడి పేరుతో, ఆయన తమ్ముళ్ల పేర్లతో లింగాలు. లవకుశులు పుట్టింది ఈ కొండ మీదేనని అక్కడివాళ్ల నమ్మకం. పైన సీతమ్మ గుడి ఉంది. అమ్మ కింద స్తంభాల నీడలో కూర్చుంది, మామ, నేను సగం దాకా ఎక్కి, పొద్దు వాలుతోందని దిగొచ్చేశాం. నంగిలి దాటి పలమనేరు చేరేసరికి ఎనిమిదిన్నర. మిగతా సగం కొండకు కార్తీకంలో పోదామని మామ అప్పుడే అమ్మతో మాట తీసుకున్నాడు.