కొలోన్ కెథడ్రల్‌కి వెళ్తే బంగారు మందసం దగ్గర ఆగండి

మాది విజయవాడ వన్‌టౌన్. ముప్పై ఏళ్లుగా బంగారం పని, అందులోనూ నకాషీ (రేకు మీద బొమ్మలు లేపే పని) చేస్తున్నాను. జర్మనీలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వరసగా మూడు రోజులు అక్కడి కొలోన్ ఊళ్లో ఉన్న పెద్ద చర్చి, కొలోన్ కెథడ్రల్‌కే వెళ్లాను. మా వీధిలో ఒకాయన ప్యాకేజీ టూరులో వెళ్తే నలభై నిమిషాలే ఇచ్చారట. బయట ఫొటోలు దిగేసరికే బస్సెక్కమన్నారు. అలా మాత్రం వెళ్లకండి.

రైల్వే స్టేషన్ నుంచి బయటికి అడుగు పెట్టగానే ఎదురుగా నల్లటి కొండలా నిలబడి ఉంటుంది. ఎత్తు 157 మీటర్లు, అంటే దాదాపు 515 అడుగులు. మన మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు, దానికి మూడింతల పైమాటే. 1248లో మొదలుపెట్టి, మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు ఆపేసి, 1880లో పూర్తి చేశారు.

నేను వెళ్లింది మాత్రం ముగ్గురు రాజుల మందసం కోసం. ప్రధాన పీఠం వెనక అద్దాల పెట్టెలో ఉంది. బాలయేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల (వాళ్లనే ముగ్గురు రాజులంటారు) అస్థికలు అందులో ఉన్నాయని నమ్మకం. వాటిని 1164లో ఇటలీలోని మిలాన్ నుంచి తెచ్చారు. వాటికోసం వెర్డున్ నికోలస్ అనే పనివాడు, అతని తర్వాత మరికొందరు కలిసి సుమారు 1225 నాటికి ఈ పెట్టె పూర్తి చేశారు. ఇప్పుడున్న కెథడ్రల్ మొదలైంది ఆ తర్వాతే. నగ ముందు, గుడి తర్వాత! ఆ మాట తెలిసినప్పుడు నా ఒళ్లు పులకరించింది.

లోపల ఓక్ చెక్క, పైన బంగారు పూత పూసిన వెండి, రాగి రేకులు. ముందు వైపు బొమ్మలు బంగారంవే. పొదిగిన రాళ్లు, పూసలు వెయ్యికి పైనే. పక్కల కూర్చున్న ప్రవక్తల బొమ్మల దగ్గరే నాకు గంట గడిచింది. మేము లక్క మీద రేకు పెట్టి ఉలితో కొట్టి బొమ్మ లేపుతాం. ఎంత లేపితే రేకు అంత పల్చబడుతుంది, కాస్త ఏమరితే చిరుగుతుంది. అక్కడ మోకాళ్లు, తలలు దాదాపు పూర్తిగా బయటికొచ్చాయి. ఒడిలో బట్ట మడతలు తడిపి ఆరేసిన పంచెలా జారుతున్నాయి. ఒక్కొక్కరి ముఖం ఒక్కో రకం. బొమ్మల మధ్య నీలం మీనా పని (లోహం మీద గాజు రంగు కరిగించి అతికించడం) చేసిన జంట స్తంభాలు. ఎనిమిది వందల ఏళ్ల కిందట, కుంపటి వెలుగులో!

కొంచెం దూరం నుంచే చూడాలి కాబట్టి చిన్న బైనాక్యులర్స్ తప్పకుండా పట్టుకెళ్లండి. ప్రార్థన జరిగేటప్పుడు లోపల తిరగనివ్వరు, ముందే సమయాలు చూసుకోండి. పెద్ద బ్యాగులు స్టేషన్ లాకర్లో పెట్టేయండి. నేను వెళ్లినప్పుడు కెథడ్రల్‌కి టికెట్ లేదు. నేలమాళిగలో ఉన్న ఖజానా మ్యూజియానికి, గోపురానికి ఉంది. ఖజానా టికెట్‌కి ఇచ్చిన ప్రతి పైసాకీ విలువ దక్కింది. గోపురం 533 మెట్లు, లిఫ్ట్ లేదు. మా అమ్మాయి ఎక్కింది, నేను ఆ సమయం కూడా మందసానికే ఇచ్చాను.

దక్షిణం వైపు కిటికీ కూడా చూడండి. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 72 రంగుల్లో ఉన్న గాజు చదరాలతో చేసింది, 2007లో పెట్టారు. ఎండ పడ్డప్పుడు నేలంతా రంగులే.

ప్రవక్త ఒడిలోని మడత ఒకటి కాగితం మీద గీసుకుని వచ్చాను. ఇప్పుడు వడ్డాణంలో లక్ష్మీదేవి చీర కుచ్చిళ్లకి అదే పద్ధతి వెండి రేకు మీద కొట్టి చూస్తున్నాను. రెండు రేకులు చిరిగాయి, మూడోది నిలబడింది.