ఎమ్మెస్‌డబ్ల్యూ: ఫీల్డు రోజులకి ఫుల్ మార్కులు, క్లాసు రోజులకి పాస్ మార్కులు

గుంటూరు సంగడిగుంటలో నన్ను ఆర్పీ అక్క అంటారు. పొదుపు గ్రూపులో రెండో లీడరుగా మొదలుపెట్టి, తర్వాత మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్‌గా, అంటే ఆర్పీగా, సంఘాల పుస్తకాలు చూస్తూ వచ్చినదాన్ని. డిగ్రీ కూడా దూరవిద్యలోనే. అలాంటిదాన్ని ముప్పై ఏడేళ్లొచ్చాక మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో (ఎమ్మెస్‌డబ్ల్యూ) చేరుతున్నానంటే మా ఆయన దగ్గర్నుంచి గ్రూపులకి లింకేజీ లోను ఇచ్చే బ్యాంకు మేనేజరు దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "రోజూ చేసే పనేగా, అందులో మళ్లీ చదివేదేముంది?" 2025లో కోర్సు పూర్తయింది. ఇప్పుడేమో గ్రూపు లీడర్లు, వార్డు సచివాలయంలో పనిచేసే పిల్లలు "అక్కా, చేరమంటావా?" అని ఫోన్లు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నేను చదివింది విజయవాడలో ఓ ప్రైవేటు కాలేజీలో, స్పెషలైజేషన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్. కాలేజీ పేరు రాయను. అక్కడ ప్రాణం పెట్టి చెప్పే మేడమ్ ఒకావిడ ఉన్నారు, మిగతావాటికి ఆవిడ మాట పడటం నాకిష్టం లేదు.

ముందు క్లాసుల సంగతి. వ్యక్తితో పని, గుంపుతో పని, బస్తీతో పని అని మూడు ముఖ్యమైన పేపర్లు. వీటినే కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అంటారు. వీటితోపాటు రీసెర్చ్, సంక్షేమ చట్టాలు, సోషల్ పాలసీ. నాయకత్వం మీద ఒక యూనిట్ ఉంది. 1939లో కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగం చెప్పి, నాయకులు మూడు రకాలు, నిరంకుశం, ప్రజాస్వామికం, పట్టించుకోనితనం అని రాయించేసి ముగించారు. మా గ్రూపుల్లో ఈ మూడూ ఒకే మనిషిలో ఒకే మీటింగులో కనిపిస్తాయి. లోను పంచేటప్పుడు నిరంకుశం, వాయిదా కట్టనివాళ్ల ఇంటికి ఎవరెళ్లాలన్నప్పుడు ప్రజాస్వామికం, ఆడిట్ వచ్చినప్పుడు పట్టించుకోనితనం. ఈ మాట క్లాసులో అంటే అందరూ నవ్వారు, సార్ మాత్రం "నెక్స్ట్ స్లైడ్" అన్నారు.

నాకు అసలు కడుపు మండింది ఉదాహరణల దగ్గర. బస్తీ జనాన్ని ఎలా కూడగట్టాలో చెప్పేటప్పుడు సాల్ అలిన్‌స్కీ షికాగోలో 1939లో మాంసం ఫ్యాక్టరీల పక్క వాడలో చర్చిలనీ కార్మిక సంఘాలనీ ఒక్క తాటి మీదికి తెచ్చిన కథ చెప్పారు. మంచి కథే, కాదనను. రోత్‌మన్ చెప్పిన మూడు పద్ధతులూ చెప్పారు: ఊరివాళ్లే కలిసి బాగుచేసుకోవడం, నిపుణులు ప్లాను వేయడం, హక్కుల కోసం పోరాడటం. పరీక్షకి అదే అడుగుతారు. కానీ విజయవాడ నుంచి రైలెక్కితే చీరాల ఎంత దూరం? 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట చీరాల, పేరాల జనం వేలమంది ఇళ్లు ఖాళీ చేసి, ఊరవతల పాకలేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని 11 నెలలు ఉన్నారు. అన్ని నెలలు అంతమందికి తిండి, నీళ్లు, తగాదాల తీర్పు ఎవరు చూశారు? ఆయన రామదండు అనే వాలంటీర్ల దళం ఎలా పనిచేసింది? ఆయన్ని జైల్లో పెట్టాక జనం ఎందుకు మెల్లగా వెనక్కి వచ్చేశారు? నాయకత్వం గురించి ఇంతకంటే పెద్ద పాఠం ఎక్కడ దొరుకుతుంది! మా సిలబస్‌లో దీనికి ఒక పేరా కూడా లేదు.

దూబగుంట కూడా అంతే. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికొచ్చి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మీదికి వెళ్లారు, మరుసటి ఏడాది రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మాకిది "సామాజిక ఉద్యమాలు" కింద ఒక్క లైను. మన పొదుపు సంఘాలకి అక్కడి నుంచే ఊపొచ్చిందని మా అత్తగారి తరం లీడర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టువార్టుపురం పేరైతే ఎవరూ ఎత్తనే లేదు. 1913లో బ్రిటిష్ సర్కారు, నేరస్థ జాతి అని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి బందెలదొడ్డిలో పెట్టినట్టు పెట్టిన ఊరది. జాషువా గారి కుమార్తె, నాస్తికవాది గోరా గారి కోడలు హేమలతా లవణం గారు అక్కడికి వెళ్లి మనుషులతో మనుషుల్లా మాట్లాడి పని మొదలుపెట్టారు. వాళ్ల నాస్తిక కేంద్రం మా కాలేజీ నుంచి ఆటోలో పోయేంత దూరంలోనే, బెంజి సర్కిల్ దగ్గరే ఉంది. 1940లో ముదునూరులో మొదలై 1947లో బెజవాడ వచ్చిన సంస్థ. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చాక అక్కడి పునరావాసం పనిలోనూ ఆ కుటుంబం వాళ్లున్నారు. ఒక్క రోజు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెడితే సెమిస్టరు సిలబస్ ఎందుకూ కొరగాదు. తీసుకెళ్లలేదు.

అందుకే క్లాసులకి పాస్ మార్కులే. ఇక ఫీల్డ్ వర్క్‌కి వస్తా, డబ్బులు పెట్టాల్సింది దీనికే.

వారంలో రెండు రోజులు ఏదో ఒక బస్తీలోనో సంస్థలోనో పని. సాయంత్రం ఇంటికొచ్చి దాని మీద రికార్డు రాయాలి. ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. ఎవరి దగ్గర కూర్చున్నాం, వాళ్లేమన్నారు, మనమేం అడిగాం, ఎక్కడ మాట మార్చారు, ఎవరొచ్చేసరికి నోరు మూసుకున్నారు, అన్నీ వరుసగా. మన అభిప్రాయాలు మార్జిన్‌లో విడిగా. వారం చివర్లో సూపర్‌వైజరు ఒక్కొక్కర్నీ పిలిచి ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటారు. దాన్ని ఐసీ అంటారు, ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్. పిల్లలందరికీ దాని పేరు చెబితేనే చెమటలు.

మా బ్యాచ్‌లో బాపట్ల వైపు అబ్బాయి ఒకడు "బస్తీ మహిళలకు పారిశుధ్యంపై అవగాహన లేదు" అని రాసుకొచ్చాడు. ప్రాజెక్టు రిపోర్టులన్నిటా ఉండే వాక్యమే, నేనూ ఎన్ని ఫారాల్లో చూశానో. మేడమ్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన రెండే ముక్కలు రాశారు: "ఎవరన్నారు? ఏ మాటల్లో?" వాడు మళ్లీ వెళ్లి అడిగితే ఒకావిడ, "తెలియకేం బాబూ, చెత్త బండి మా సందు మలుపు తిరగదు. మోసుకెళ్లి రోడ్డు మీద పెడితే ఆ ఇంటివాళ్లు తిడతారు. ఎక్కడెయ్యమంటావో నువ్వు చెప్పు" అందట. అంతే, పెట్టబోయిన అవగాహన సదస్సు పోయి, చిన్న బండి కావాలని శానిటరీ ఇన్‌స్పెక్టరుకి అర్జీ వచ్చింది. అర్జీ మీద సంతకాలు ఆ సందులో వాళ్లవే, మా కుర్రాడిది లేదు. ఈ రెండు ముక్కల కోసం రెండేళ్ల ఫీజు కట్టొచ్చని నాకనిపించింది.

రెండో ఏడాది నా ఫీల్డు విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్టలు తెగి ఊళ్లోకి నీళ్లొచ్చిన తర్వాతి రోజులవి. నష్టపరిహారం కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ప్రకటించారు కదా, మీటింగు పెట్టామంటే అదే గొడవ. ఒకే మెట్ల దారిలో పైనా కిందా ఉండేవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం మానేశారు. "మా ఫ్రిజ్జు పోయింది", "మీ ఫ్రిజ్జు పోతే మా పిల్లలకి పైన నాలుగు రోజులు నీళ్లు లేవు", ఇలా. ఆర్పీగా నాకు చేతనైన పద్ధతి ఒకటుంది: ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి, సర్దిచెప్పి, తీర్మానం రాసి, సంతకాలు పెట్టించి లేచిపోవడం. మేడమ్ ముందే చెప్పారు, తీర్పు చెప్పడానికి తొందరపడొద్దు, ముగ్గుపిండి తీసుకెళ్లు అని.

వీధి మ్యాపు నేల మీద వాళ్ల చేతే గీయించాం. జనం చేతే వాళ్ల ఊరి పరిస్థితి గీయించి లెక్క తేల్చే ఈ పద్ధతిని పుస్తకాల్లో పీఆర్‌ఏ అంటారు, పల్లెల్లో ఎప్పట్నుంచో చేస్తున్నదే. ఒక్కో ఇంటి ముందు చింతగింజలు పెట్టమన్నాం, నీళ్లు మోకాలి దాకా వస్తే ఒకటి, నడుం దాకా రెండు, తల మునిగితే మూడు. గోడల మీద బురద గీత ఇంకా అలాగే ఉంది కాబట్టి అబద్ధం చెప్పే వీల్లేదు. గింజలు పెట్టడం మొదలయ్యాక అరుపులు తగ్గాయి, చూసుకోవడం మొదలైంది. ఇంతలో పై అంతస్తు ఆవిడే, అప్పటిదాకా అందరికంటే గట్టిగా అరిచిన ఆవిడే, ఒక బిల్డింగు మెట్ల కింద చోటు చూపించి, "ఇక్కడ ముసలమ్మ ఉంటుందిగా, ఆమెకి గింజలెవరు పెడతారు?" అంది. మెట్ల కింద గదికి డోరు నంబరు లేదు, కరెంటు మీటరు లేదు. పరిహారం కోసం రాసుకున్న ఎన్యూమరేషన్ జాబితాలో ఆ ముసలమ్మ పేరు లేదు. ఆ రోజు రాసిన అర్జీలో మొదటి పేరు ఆమెదే, రాయించింది పై అంతస్తు వాళ్లు. డబ్బు పడిందా అంటే అక్కడ నా ఫీల్డు పని అయిపోయేదాకా పడలేదు. కింది వాళ్లకీ పై వాళ్లకీ మాటలు మాత్రం కలిశాయి, పూర్తిగా కాదులెండి, నీళ్ల ట్యాంకరు దగ్గర పలకరించుకునేంత.

అయితే అన్ని ఫీల్డులూ ఇలా ఉండవు. చివర్లో నెల రోజులు ఒకే సంస్థలో పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్‌కి మాలో కొందరిని పంపిన ఒక సంస్థలో వాళ్లు చేసిన పనంతా బ్యానరు పట్టుకుని ఫొటో దిగడం, బిల్లులు జిరాక్సు తీయడం. సర్టిఫికెట్ మాత్రం తళతళా మెరిసిపోయే కాగితం మీద ఇచ్చారు. అక్కడికి మా సూపర్‌వైజర్లు ఎవరూ ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఫీల్డు ఎంత గొప్పదైనా రికార్డు చదివి సున్నా చుట్టేవాళ్లు లేకపోతే అది ఊరు తిరగడమే.

ఇంకో పెద్ద లోటు, డబ్బు లెక్కలు. సంఘం నిలబడేదీ పడిపోయేదీ పుస్తకం దగ్గరే. మన పొదుపు సంఘాలకి పంచసూత్రాలని ఉన్నాయి: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మొదటి నాలుగూ అయిదోదాని మీద నిలబడి ఉన్నాయి. రెండేళ్ల కోర్సులో క్యాష్ బుక్ రాయడం ఒక్క గంట కూడా చెప్పలేదు. సాధికారత మీద సెమినార్ పేపరు రాసిన అమ్మాయికి గ్రూపు మినిట్స్ పుస్తకం చేతికిస్తే ఏ కాలమ్ ఏమిటో తెలియలేదు. హాస్టల్లో పిల్లలకి నేనే కూర్చోబెట్టి చెప్పాను, ఫీజు తీసుకోకుండా.

డబ్బూ టైమూ సంగతి. రాష్ట్రంలో యూనివర్సిటీ పీజీ సీట్లకి పీజీసెట్ రాయాలి. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ముందే తేల్చుకోండి. 2020లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు పీజీ కాలేజీల పిల్లలకి అది ఆగిపోయింది, మా బ్యాచ్‌లో అందరం చేతి డబ్బే కట్టాం. గుంటూరు వాళ్లకి నాగార్జున యూనివర్సిటీ రోడ్డు మీదే ఉంది, ఎమ్మెస్‌డబ్ల్యూ అక్కడా ఉంది. ఉద్యోగం మానలేనివాళ్లు ఇగ్నోలో దూరవిద్యగా చేయొచ్చు, రెండేళ్ల కోర్సుని నాలుగేళ్ల దాకా సాగదీసుకునే వీలుంది, ఫీల్డ్ వర్క్ దాంట్లోనూ తప్పదు. రెగ్యులర్ అయితే హాజరు దగ్గర మొహమాటం ఉండదు. పొద్దున్నే గుంటూరు బస్టాండులో నాన్‌స్టాప్ ఎక్కి, వారధి దాటేటప్పుడు గ్రూపువాళ్ల ఫోన్లు ఎత్తి, క్లాసులో కునుకు తీసిన రోజులు చాలానే ఉన్నాయి. ఇంట్లో వంట చేసే చెయ్యి ఇంకోటి ఉంటేనే రెగ్యులర్‌లో చేరండి.

ఉద్యోగాలంటారా, ఆశ పెట్టను. జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, హింసకి గురైన ఆడవాళ్ల కోసం ఉండే సఖి కేంద్రాలు, ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్ పోస్టులు, మెప్మాలో, పల్లెల సంఘాలు చూసే డీఆర్‌డీఏలో కొన్ని, ఇవే ఎక్కువ, అందులోనూ ఎక్కువ భాగం కాంట్రాక్టువే. 250 మంది, అంతకు పైగా కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలని చట్టం చెబుతోంది, మగపిల్లలు చాలామంది దాని మీదే కన్నేస్తారు. నేను మళ్లీ నా గ్రూపుల దగ్గరికే వచ్చాను. జీతంలో తేడా ఏమీ లేదు. సమాఖ్య మీటింగులో ఏళ్ల తరబడి ఒకావిడే లీడరుగా ఉన్న గ్రూపుల్ని ఎలా కదిలించాలో మాత్రం ఇప్పుడు కాస్త తెలుసు: ఆవిణ్ని దించమని అడగకూడదు, పుస్తకం వేరేవాళ్ల చేతికి ఇప్పించాలి.

మొత్తానికి ఐదుకి మూడున్నర ఇస్తా. చేరేముందు బిల్డింగు చూడకండి, ప్లేస్‌మెంట్ల బోర్డు చూడకండి. పాత బ్యాచ్ ఫీల్డ్ రికార్డు ఒకటి చూపించమని అడగండి, పేర్లు కొట్టేసైనా సరే. పేజీలనిండా ఎర్ర సిరా ఉంటే ఫీజు కట్టండి. ప్రతి పేజీ చివరా ఒక్క టిక్కూ పొట్టి సంతకమూ ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి.