సున్నపు గోడ: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

మా హాల్లో పొడుగాటి గోడకున్న ఎమల్షన్, పుట్టీ, వాటి కింద సిమెంటు ప్లాస్టరింగ్ అన్నీ ఇటుక తేలేదాకా కొట్టించి, సున్నంతో గిలాబా చేయించి ఏళ్లు గడిచాయి. పైన కాస్త కావి రంగు కలిపిన సున్నం పలచగా పూతలు పూతలుగా వేయించాం. కొత్తలో ఏ గోడైనా కళ్లకు బాగానే ఉంటుంది. వేసిన వారంలోనే ఫొటోలు తీసి ‘అద్భుతం’ అని రాసేసేవాళ్లే ఎక్కువ. ఈ గోడ మాత్రం వానలు చూసింది, ఎండలు చూసింది, ఒక పైపు లీకేజీ చూసింది, పిల్లల క్రేయాన్లూ చూసింది. కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది.

ముందే చెప్పేస్తాను, నాకు నచ్చింది. అయితే ఇల్లంతా ఇదే చేయించమని ఎవరికీ చెప్పను.

ఈ పిచ్చి పట్టడానికి కారణం పాడుబడ్డ ఇళ్లు. అనుమతి దొరికిన చోట పగటిపూట వెళ్లి గోడలు చూసి రావడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇంట్లోవాళ్లు దీన్ని ‘శిథిలాల యాత్ర’ అంటారు, అననీ. అలా చూడగా చూడగా ఒకటి గమనించాను. పాడుబడ్డ ప్రతి గోడా అందంగా ఉండదు. సున్నం వేసిన గోడ పొరపొరలుగా రాలుతూ లోపలి పాత రంగుల్ని ఒక్కొక్కటే బయటపెడుతుంది. పక్కనే ఉన్న ప్లాస్టిక్ పెయింటు గోడ బుడగలెత్తి, పెచ్చులు చుట్టలు చుట్టుకుని వేలాడుతుంటుంది. దాని వెనక నల్లగా బూజు. రెండింటి మీదా పడింది ఒకే వాన, ఒకే ఎండ. ఒకదానికి వన్నె వచ్చింది, ఇంకోటి కుళ్లింది.

ఫొటోల్లో మాత్రమే చూసిన రెండు ఊళ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. నమీబియా ఎడారిలో కోల్మన్‌స్కోప్ అని ఒక ఊరుంది. 1908లో అక్కడ వజ్రాలు దొరకడంతో ఊరు లేచింది, 1956 నాటికి అందరూ వెళ్లిపోయారు. ఇప్పుడు గదుల్లో తలుపుల సగం దాకా ఇసుక. దాని పైన గోడల రంగులు ఇంకా కనిపిస్తుంటాయి. వాన దాదాపు లేకపోవడం ఆ గోడలకు కలిసొచ్చింది. రెండోది జపాన్‌లోని హషిమా దీవి. అక్కడ బొగ్గు గనివాళ్ల కోసం 1916లోనే ఆర్‌సీసీ అపార్ట్‌మెంటు కట్టారు. 1974లో గని మూతపడి దీవి ఖాళీ అయింది. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచే పగలగొట్టింది. ఫొటోలో చూడటానికి అదీ గంభీరంగానే ఉంటుంది కానీ, దాన్ని చూసి మన ఇంటికి తెచ్చుకోగలిగింది ఏమీ లేదు. అక్కడ కనిపించేది కూలిపోవడమే. నాకు కావలసింది నిదానంగా, పద్ధతిగా పాతబడే గోడ.

సున్నం అలా ఎందుకు పాతబడుతుందంటే, అది చివరికి మళ్లీ రాయే అవుతుంది కాబట్టి. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన పొడిసున్నంలో నీళ్లు పోస్తే కుతకుతలాడుతూ ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకెక్కాక అది గాలిలోంచి అదే కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని తిరిగి రాయిగా గట్టిపడుతుంది. పైపూతకు ఇది వారాల పని, లోపలి గిలాబాకు నెలల పని. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద వేసిన బొమ్మలు ఇన్ని వందల ఏళ్లు నిలవడానికీ ఇదే మూలం. తడి సున్నం మీద వేసిన రంగు, సున్నం రాయయ్యేటప్పుడు అందులోనే ఇరుక్కుపోయింది.

ఇక మా గోడ. పొద్దున చూస్తే ఇందులో విశేషమేమీ ఉండదు, లేత ఇటుకరంగు గోడ, అంతే. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు కుంచె తిరిగిన ప్రతి జాడా పైకి తేలుతుంది. అడ్డంగా ఒక చేతివాటం, దాని మీద ఏటవాలుగా ఇంకోటి, మేస్త్రి నిచ్చెన జరిపిన చోట కాస్త ముదురుగా ఒక నిలువు చార. ఎమల్షన్ గోడ మీద ఇలాంటి చార కనిపిస్తే మనిషిని పిలిపించి మళ్లీ వేయిస్తాం. ఇక్కడ అదే కావాలనిపిస్తుంది. గట్టిపడిన సున్నంలో ఉండేవి కాల్సైట్ స్ఫటికాలు. వెలుగు వాటిలోకి కొంచెం దిగి చెదిరి బయటికొస్తుంది, అందుకే మెరుపు లేకుండానే గోడ వెలిగినట్టుంటుంది. ఇది ఫొటోకు అందదు. ఫోన్‌లో తీసి పంపితే ‘ప్రైమర్ కొట్టి వదిలేశారా?’ అని అడిగినవాళ్లున్నారు.

వానాకాలంలో ఇదే గోడ ఇంకో రకం. గాలిలో తేమ పెరిగితే రంగు ఒక మెట్టు ముదురుతుంది, తెరిపిచ్చాక మెల్లగా తేలికపడుతుంది. మొదటి వానాకాలంలో ఆ ముదురు మచ్చలు చూసి టెన్షన్ పడ్డాం, తర్వాత అలవాటైపోయింది.

పైపు లీకేజీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు పరీక్ష అదే. గోడ అవతల బాత్రూం పైపు జాయింటు ఊడి, మేం కనిపెట్టేలోపు ఇటుక బాగా తడి పీల్చుకుంది. హాలు వైపు బారెడు మేర నల్లబడింది. ప్లంబర్ వచ్చి జాయింటు మార్చాక గోడను ఏమీ చేయకుండా కిటికీలు తెరిచి వదిలేశాం. తడి సున్నంలోంచే బయటికి ఆరిపోయింది. చివర్లో తెల్లటి ఉప్పు పొడిలా తేలితే పొడి బ్రష్‌తో దులిపి, అదే రంగు సున్నం పలచగా ఒక పూత వేశాం. అదే పైపు మీదుగా వెళ్లే పక్క గది గోడకు ప్లాస్టిక్ పెయింటు ఉంది. అక్కడ పెయింటు అరచేయంత బుడగలుగా లేచి, గీకి పుట్టీ పెట్టినా మళ్లీ లేచింది. పాత సున్నపు ఇళ్లకు సిమెంటు పూస్తే చెమ్మ ఎందుకు పెరుగుతుందో చదివినప్పటికంటే ఆ రెండు గోడల్ని పక్కపక్కన చూశాకే నాకు బాగా అర్థమైంది. ఒకటి ఊపిరి పీలుస్తుంది, ఇంకోటి నీటిని లోపలే బిగించి ఉంచుతుంది.

ఇప్పుడు ఇబ్బందులు. ముదురు రంగు బట్టలతో ఆనుకుంటే భుజానికి పొడి అంటుతుంది. రోజులు గడిచేకొద్దీ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సోఫాను జానెడు ముందుకు జరిపాం, కుర్చీల వెనక చెక్క పట్టీ బిగించాం. తడిగుడ్డతో రుద్దితే మరక పోదు, పైగా చుట్టూ ఇంకో మరక తేలుతుంది. స్విచ్‌బోర్డు చుట్టూ చేతులు తగిలి జిడ్డు పేరుకున్న మచ్చకు నా దగ్గర మందు లేదు. క్రేయాన్ గీతల్ని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది పైన సున్నం పూశాం. సరిపోయింది, కానీ దగ్గరికెళితే కనిపిస్తుంది. తలుపు చట్రం పక్కన వెంట్రుకంత నెర్రె ఒకటి మొదటి ఏడాదిలోనే వచ్చింది, అక్కడితో ఆగింది. సున్నానికి ఉన్న మంచి గుణం ఏమిటంటే, ఇలాంటి సన్న నెర్రెల్లోకి తడి దిగినప్పుడు కొంత సున్నం కరిగి అక్కడే మళ్లీ గట్టిపడి పూడుస్తుంది. మా నెర్రె పై సగం అలాగే పూడింది, కింది సగం అలాగే ఉంది.

మేకు కొట్టడం మాత్రం నరకం. డ్రిల్లు పెడితే రంధ్రం చుట్టూ పెళ్లలుగా రాలుతుంది. అందుకే గోడకు తగిలించేవన్నీ పైకప్పుకు కాస్త కింద బిగించిన ఒక చెక్క పట్టీ నుంచే తీగలతో వేలాడతాయి. దీనివల్ల తెలియకుండానే ఒక మేలు జరిగింది. మేకు సులువుగా దిగే గోడలు ఏడాదిలో ఫ్రేములతో నిండిపోతాయి. దీని మీద ఒక నేత గుడ్డ, పాడుబడ్డ మెట్ల నలుపుతెలుపు ఫొటో ఒకటి, అంతే ఉన్నాయి. గోడే చూడబుద్ధేసేలా ఉంటే అలంకరణ పని చాలావరకు అయిపోయినట్టే.

పోలికకు చెబుతున్నాను, పడకగదిలో ‘పాత గోడ’ బొమ్మ ముద్రించిన వినైల్ వాల్‌పేపరు ఉంది. పెచ్చులూడిన సున్నం, తొంగిచూసే ఇటుకలు, అన్నీ అచ్చు గుద్దినట్టు. అతికించిన రోజు వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. కొన్నాళ్లకే తేడా తెలిసింది. కిటికీ ఎటుందో ఆ బొమ్మకు తెలియదు. వెలుగు కుడివైపు నుంచి పడుతుంటే బొమ్మలోని ఇటుకల నీడ కూడా కుడివైపే ఉంటుంది. పైగా అదే పగులు నాలుగు చోట్ల మళ్లీ కనిపిస్తుంది, ఒకసారి కనిపెట్టాక కన్ను అక్కడికే పోతుంది. బయటి గోడ వైపు మూలలో వెనక చెమ్మ చేరి వాసన కూడా మొదలైంది. వాల్‌పేపర్లన్నీ ఇలాగే అనను. ఆకులో పూలో గీసి నేను బొమ్మనేనని ఒప్పుకునే డిజైన్లతో నాకు పేచీ లేదు.

పాతదనాన్ని ముద్రించడం వేరు, ఉన్నదాన్ని ఉంచడం వేరు. పారిస్‌లో బూఫ్ దు నోర్ అని ఒక నాటకశాల ఉంది. 1876లో తెరిచారు, 1952లో మూతపడింది. 1974లో నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ దాన్ని మళ్లీ తెరిచినప్పుడు గోడల్ని కొత్తగా చేయించలేదు, మరకలూ గాట్లూ ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు. బెర్లిన్‌లో యుద్ధంలో దెబ్బతిన్న నోయెస్ మ్యూజియాన్ని ఆర్కిటెక్ట్ డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బాగుచేస్తే 2009లో తెరిచారు. మిగిలిన పాత రంగుపూతలు ఎక్కడికక్కడే ఉన్నాయి, పోయినచోట అలాంటిదే గీసి నింపలేదు. ఇంతకు ఎంతో ముందు, 1877లోనే విలియం మోరిస్, ఆయన మిత్రులు పాత కట్టడాల్ని గీకి కొత్తవిగా చేసే ధోరణికి అడ్డుపడుతూ ఇంగ్లండ్‌లో ఒక సంఘం పెట్టారు. వాల్‌పేపరు డిజైన్లకు పేరుపడ్డ మనిషే గోడల్ని గీకొద్దని పోరాడటం నాకు సరదాగా అనిపిస్తుంది.

వాళ్ల దారిలోనే మేమూ ఒక చిన్న పని చేశాం. పాత పూత కొట్టిస్తుంటే పై మూలలో, సిమెంటు చేరని చోట, అంతకు ముందు ఉన్నవాళ్లెవరో వేయించిన సున్నం బయటపడింది. అడుగున నీలం, దాని మీద లేత పసుపు, ఆ పైన తెలుపు. అంచులు గోరంత మందం, వేలితో తడిమితే మెట్లలా తగులుతాయి. చేటంత మేర దాన్ని అలాగే వదిలి, చుట్టూ కొత్త గిలాబాను అంచు దాకా తెచ్చి ఆపాం. మేస్త్రికి ఇది అస్సలు నచ్చలేదు, పని మధ్యలో వదిలేశాడని తనను అంటారని గొణిగాడు. ఇంటికొచ్చినవాళ్లలో సగం మంది ఇప్పటికీ ‘ఆ మూల మిగిలిపోయిందే’ అంటారు. మిగతా సగం లేచి దగ్గరికెళ్లి చూస్తారు.

చేయించాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. సున్నం తడిగా ఉన్నప్పుడు చాలా ఘాటు క్షారం, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఆ క్షారగుణానికే కొత్త గోడకు బూజు పట్టదు, కానీ గట్టిపడేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. ‘సున్నపు గోడకు ఎప్పటికీ బూజు రాదు’ అనేది ప్రకటనల మాట. రంగులు కూడా క్షారాన్ని తట్టుకునేవే కలపాలి, కావి, గోపి, ఐరన్ ఆక్సైడ్ రంగుల్లాంటివి. తడిమీద కనిపించే రంగు ఆరాక బాగా తేలిపోతుంది, కాబట్టి మూలలో రెండడుగుల మేర వేసి పూర్తిగా ఆరనిచ్చాకే నిర్ణయించుకోండి. మండుటెండలో చేయించొద్దు. గోడను ముందే తడిపి, పూత పూతకూ మధ్య ఆరనివ్వాలి. తొందరగా ఆరితే గట్టిపడదు, పొడిపొడిగా రాలుతుంది. ఎమల్షన్ ఉన్న గోడ మీద నేరుగా సున్నం పూస్తే నిలవదు. డబ్బాల్లో అమ్మే ‘లైమ్‌వాష్ ఎఫెక్ట్’ రకాల్లో కొన్ని అక్రిలిక్ పెయింట్లే, డబ్బా వెనక చదివి కొనండి.

పాడుబడ్డ ఇళ్లు చూసి వచ్చే ఆసక్తి ఉంటే ఇంకో జాగ్రత్త. రాలే పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. అమెరికాలోనే ఇళ్లకు సీసం పెయింటును 1978 దాకా ఆపలేదు. రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నచ్చిందని పెచ్చు ఊడదీసి ఇంటికి తెచ్చుకోవద్దు, ఫొటో చాలు.

మొత్తం మీద హాలు, పడకగది, వరండా లోపలి గోడలకు సున్నం బాగుంటుంది. వంటింటికి, బాత్రూంలో నీళ్లు చిమ్మే చోటికి, చిన్నపిల్లలు పాకే ఎత్తులో గోడలకు నేనైతే వేయించను. మచ్చ పడితే నిద్రపట్టని మనుషులకు కూడా ఇది పడదు, వాళ్లకు కడిగితే పోయే ఎమల్షనే హాయి. కొన్నేళ్లకోసారి పూత పడాలన్నదీ గుర్తుంచుకోండి. అదృష్టం కొద్దీ అది గీకుడు, పుట్టీ లేని పని, దులిపి తడిపి పూయడమే. వచ్చే చలికాలంలో మా హాలు గోడకు ఆ పూత పడుతుంది, అదే మేస్త్రితో పడకగది వాల్‌పేపరు కూడా పీకించేస్తున్నాం.