డాలస్ నుంచి మణికొండకు: సామాను తరలింపు సేవపై సమీక్ష

స్వదేశానికి తిరిగివస్తూ మా ఇంటి సామానును అప్పగించిన సంస్థ పనితీరు మొత్తం మీద సంతృప్తికరంగానే ఉంది. ఓడలో ముంబయి దగ్గరి నవసేవ రేవుకు చేరిన కంటైనరు సనత్‌నగర్ డిపోకు వచ్చి కస్టమ్స్ తనిఖీ ముగిసేవరకు ఏ దశలో ఏ పత్రం కావాలో వారు ముందే చెప్పినందువల్ల మాకు అనవసరపు తిరుగుడు తప్పింది. అమ్మాయి వీణ చెక్కుచెదరలేదు. పుస్తకాల పెట్టెలు మాత్రం తడిశాయి, పరిహారం అడిగితే సమాధానం చాలా నిదానంగా వచ్చింది. అసలు లోపం సలహాలో ఉంది: అక్కడి 120 వోల్టుల కరెంటుకు తయారైన మిక్సీ, వాక్యూమ్ క్లీనరు వంటివి ఇక్కడి 230 వోల్టులకు నేరుగా పనికిరావని (బరువైన ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవడం కన్నా కొత్త మిక్సీ కొనడమే నయం) సామాను జాబితా రాసుకున్న రోజే హెచ్చరించి ఉంటే, ఘనపుటడుగుల లెక్కన కట్టిన ఛార్జీలో కొంతైనా మిగిలేది.