లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సా, మిడ్‌వైఫా?

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి కాన్పుల గదిలో పనిచేసే చాలామందికి వచ్చే సందేహమే ఇది: నర్సుగానే ఉండాలా, మామూలు కాన్పులు తనే చేయించే మిడ్‌వైఫ్ కావాలా?

సమయం: నర్సుగా ఉంటే కొత్త చదువు అక్కర్లేదు. మిడ్‌వైఫరీకి 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 18 నెలల శిక్షణ.

టెన్షన్: నర్సుకు నైట్ డ్యూటీలు, రికార్డులు, ఒకేసారి నలుగురు గర్భిణులు. మిడ్‌వైఫ్‌కూ పని తగ్గదు. పైగా మామూలు కాన్పు బాధ్యత తనదే, డాక్టరును ఎప్పుడు పిలవాలో తేల్చాల్సిందీ తనే.

తృప్తి: అసలు తేడా ఇక్కడే. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పాలు పట్టేదాకా ఒకే తల్లి పక్కన ఉండటం నర్సుకు అరుదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అక్కడ ఒక్క మామూలు కాన్పు చేయించినా ఆ ఆనందం వేరు.

రిస్క్: శిక్షణయ్యాక జనరల్ వార్డులో వేస్తే, ఉద్యోగం మీదే విరక్తి పుడుతుంది.

పిల్లలు చిన్నవాళ్లయితే ప్రస్తుతానికి నర్సుగానే మేలు. మిడ్‌వైఫ్‌లను లేబర్ రూమ్‌లోనే ఉంచే ఆసుపత్రయితే శిక్షణకు వెళ్లండి.