1978 ప్రీమియర్ పద్మిని: 12 ఏళ్లు నడిపాక, దారిలో అడిగేవాళ్లకు చెప్పే జవాబులు

పద్మినిలో బయల్దేరేటప్పుడు ఓ పావుగంట అదనంగా చేతిలో ఉంచుకోవాలి. బండి ఆగిపోతుందని కాదు, పెట్రోలు బంకులోనో టీకొట్టు దగ్గరో ఎవరో ఒకరు తప్పకుండా వచ్చి పలకరిస్తారు. సుమారు 40,000 కిలోమీటర్లు తిరిగినా ఆ ప్రశ్నలు మాత్రం మారలేదు. వాటికి ఉన్నదున్నట్టు జవాబిస్తే అదే ఈ కారు సమీక్ష, అందుకే ఆ దారినే రాస్తున్నాను.

"ఇది ఫియట్టా, పద్మినా?" రెండూ ఒకటే. ఇటలీ ఫియట్ 1100డి ని బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి డిలైట్ పేరుతో తయారుచేసింది. మధ్యలో కొన్నాళ్లు ప్రెసిడెంట్ అన్నారు, 1970ల నడిమి నుంచి పద్మిని. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, వెనక చక్రాలకు డ్రైవు, స్టీరింగు పక్కనే చేతిగేరు. పెద్దవాళ్లు కొందరు "మా నాన్నగారి ఫియట్‌కి ముందు తలుపులు ఎదురు తెరుచుకునేవండీ" అంటారు. పొరబడ్డారని అనకండి. వాళ్లు చెప్పేది డిలైట్‌కి ముందు వచ్చిన 1100. దాని ముందు తలుపుల కీళ్లు వెనకవైపు ఉండేవి.

"అన్నా, ఎంతిస్తది?" ఊళ్లో లీటరుకు 10, 11. హైవే మీద 60 దాటకుండా నిలకడగా పోతే 14. ట్యాంకు 38 లీటర్లు. అంతకంటే తగ్గితే కార్బురేటర్ మీద పడేముందు మూడు చూడాలి. చోక్ కేబుల్ లోపలికి నెట్టాక కార్బురేటర్ దగ్గర మీట పూర్తిగా వెనక్కి వస్తోందా? డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.45, ప్లగ్గుల సందు 0.6 మిల్లీమీటర్లు ఉన్నాయా? జాకీ ఎక్కించి తిప్పితే చక్రం తేలిగ్గా తిరుగుతోందా, బ్రేకు షూ పట్టేస్తోందా? చాలాసార్లు మూడోదే దొంగ.

ఇప్పుడు కొత్తగా అడుగుతున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి. పడుతుంది, కానీ రబ్బరు ఓర్చుకోదు. మామూలు నల్ల పైపు ఉబ్బి, మెత్తబడి, లోపలి పొర రేకులుగా ఊడి కార్బురేటర్ జెట్‌లో అడ్డం పడుతుంది. పంపు డయాఫ్రమ్ కూడా బిగుసుకుపోతుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకానికి ఒకేసారి మార్చండి, ముక్కలుగా వద్దు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుక్కి చేరి తుప్పు పట్టిస్తుంది. అందుకని వానాకాలంలో సగం ఖాళీ ట్యాంకుతో వారాల తరబడి నిలపకూడదు. రెండు వారాలకు మించి నిలిపేటట్టయితే పంపుకి వచ్చే పైపు తీసి, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి.

"ఎండాకాలం వేడెక్కదా?" రేడియేటర్ శుభ్రంగా ఉంటే ఎక్కదు. మే నెలలో బండి ఆగిపోతే చాలావరకు అది వేపర్ లాక్. ఇంజనుకు ఆనుకుని ఉన్న పంపులో పెట్రోలు ఆవిరై కార్బురేటర్‌కి చేరదు. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. బానెట్ ఎత్తగానే నలుగురు మూగుతారు. వాళ్లలో ఒకరు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతారు. అక్కడ మొహమాటం పనికిరాదు, మూత దగ్గర మీరే నిలబడండి.

ఎవరూ అడగనిదీ, కొనేవాళ్లు ముందుగా అడగాల్సిందీ బ్రేకుల సంగతి. నాలుగూ డ్రమ్ములే. పాత బండ్లలో మాస్టర్ సిలిండర్ నుంచి ఒకటే లైను, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఏడాదికోసారి డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ రబ్బరు తొడుగుల అంచు వేలితో ఎత్తి చూడాలి. కింద తడి ఉంటే లోపలి రబ్బరు కప్పులు ఆ రోజే మార్చాలి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయాలి. కింగ్‌పిన్‌లకు (ముందు చక్రాలు పక్కకు తిరిగే పిన్నులకు) ప్రతి 2,000 కిలోమీటర్లకూ గ్రీజు కొట్టించకపోతే స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు ఓరగా అరుగుతాయి.

చేతిగేరు చూసి కుర్రాళ్లు ఆశ్చర్యపోతారు. అలవాటైతే హాయిగా ఉంటుంది. ఫస్ట్ గేరుకి సింక్రో (బండి కదులుతుండగా గేరు పళ్లు మెత్తగా కలిపే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి, లేదంటే పళ్లు గీసుకున్న మోత. రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటోందంటే గేర్‌బాక్స్ విప్పనివ్వకండి. నూటికి తొంభై పాళ్లు కింద రాడ్ల బుష్‌లు అరిగి ఉంటాయి.

"పార్టులు దొరుకుతాయా?" ఇంజను, బ్రేకు, క్లచ్ సామాను దొరుకుతుంది. బొంబాయి పద్మిని టాక్సీల్లో చివరిది 2023 అక్టోబరు దాకా తిరిగింది, కాబట్టి ఆ సరఫరా ఇంకా ఎండిపోలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో పాత షాపులవాళ్లకు పార్టు చేతిలో పెట్టి చూపించండి. పేరు చెబితే ఇంకేదో ఇస్తారు. కష్టమంతా రేకు, క్రోమ్, అద్దాల బీడింగులతోనే. కొనేముందు డిక్కీలో స్టెప్నీ కింద, కాళ్ల దగ్గర మ్యాట్ల కింద, తలుపుల అడుగున అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది.

"రోడ్డు మీద తిప్పనిస్తారా?" ఆర్సీ బతికి ఉంటే తిప్పవచ్చు. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఢిల్లీ పరిసరాల నిబంధన వేరు, దాన్ని విని ఇక్కడివాళ్లు కంగారుపడతారు. రంగు వేయించేటప్పుడు చాసిస్ నంబరు మీద గ్రీజు పూసి కప్పండి. పెయింటు కింద అక్షరాలు పూడిపోతే తనిఖీలో తిప్పలే. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన బండ్లకే. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే అది తీసుకున్న బండిని ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే బయటికి తీయాలి, రోజువారీ తిప్పడానికి కుదరదు. నడుపుకోవాలనుకునేవాళ్లకు మామూలు ఆర్సీయే మేలు.

"పెళ్లికి ఇస్తారా, ఎంత తీసుకుంటారు?" సొంత వాడకానికి రిజిస్టరైన బండిని అద్దెకిస్తే పర్మిట్ లేని నేరం, ప్రమాదం జరిగితే బీమా కూడా చేతికి రాకపోవచ్చు. దగ్గరివాళ్లయితే డబ్బు ముట్టకుండా, స్టీరింగు మీ చేతిలోనే ఉంచుకుని వెళ్లండి. "అమ్ముతారా?" అన్నవాళ్లకు "లేదండీ" చాలు. ధర మాత్రం నోట రానివ్వకండి. ఒక అంకె చెబితే బేరం మొదలైనట్టే.

చాలామందికి కావలసింది ఒక ఫొటో, వాళ్ల ఇంట్లో ఉండిన కారు గురించి రెండు మాటలు. ఆ రెండు మాటలు వినడం బండి ఉన్నవాళ్ల పనే అని నా నమ్మకం. ఫొటోకి ఆనుకునేటప్పుడు బెల్టు బకిల్, చేతి గాజులు రంగును గీస్తాయి. "ఇటు, తలుపు దగ్గరికి రండి" అని ముందే చోటు చూపిస్తే కసరాల్సిన అవసరం రాదు. పిల్లల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టవచ్చు. అయితే తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, వెనక చక్రం కింద రాయి పెట్టండి. పాత హ్యాండ్‌బ్రేకు కేబుల్‌ని నమ్మకండి, పిల్లల చెయ్యి మొదట వెళ్లేది ఆ చేతిగేరు మీదకే.