విన్నది తిరిగి చెప్పించడం: ఇంటి బడిలో మూడేళ్లు వాడాక

ఇంటి బడి ఎలా నడుస్తోందని ఎవరడిగినా నేను ముందు ఒక్క విషయమే చెబుతాను. టైమ్ టేబుల్, పుస్తకాల ఎంపిక, గదిలో బల్ల ఎటువైపు వేయాలి, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. పిల్లలకు ఏదైనా ఒకసారి చదివి వినిపించండి, పుస్తకం మూసేయండి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనండి. మా రోజు మొత్తంలో ఇంతకంటే విలువైన అరగంట ఇంకొకటి లేదు. పెద్దమ్మాయికి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు దానికి తొమ్మిది. చిన్నోడికి ఆరు నడుస్తోంది. ఈ మధ్యలో చాలా మార్చాం, కొన్ని పూర్తిగా వదిలేశాం. ఇది మాత్రం వదల్లేదు.

హోమ్‌స్కూలింగ్ మంచిదా కాదా, పిల్లలకు స్నేహితులు ఎలా దొరుకుతారు అనే చర్చలోకి వెళ్లను. దాని మీద అందరూ చాలానే రాశారు. ఈ ఒక్క పద్ధతి సంగతే రాస్తాను.

దీన్ని నరేషన్ అంటారు. ఇంగ్లండ్‌కు చెందిన షార్లెట్ మేసన్ (1842–1923) అనే విద్యావేత్త దీన్ని తన బోధనకు మూలస్తంభంగా పెట్టుకుంది. నియమాలు కొన్నే. పాఠం ఒక్కసారే చదవాలి, రెండోసారి చదవకూడదు. రెండోసారి చదువుతారని తెలిస్తే పిల్లలు మొదటిసారి సరిగ్గా వినరు. బిడ్డ చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకూడదు, తప్పులు దిద్దకూడదు, ఏమైనా అడగాలంటే చివర్లోనే అడగాలి. ఆరేళ్ల లోపు పిల్లల్ని చెప్పమని అడగనే కూడదు, వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. చిన్నపిల్లల పాఠం ఏదైనా సరే ఇరవై నిమిషాలు దాటకూడదు.

మా మామూలు రోజు ఇలా ఉంటుంది. పొద్దున్న తినడం, సర్దడం అయ్యాక ముందు లెక్కలు, ఎందుకంటే బుర్ర తాజాగా ఉండేది అప్పుడే. తర్వాత కాసేపు పరుగులు. ఆ తర్వాత ముగ్గురం చాప మీద కూర్చుంటాం, నేను చదువుతాను, పెద్దది చెబుతుంది. తర్వాత చేతిరాత, బొమ్మలు. మధ్యాహ్న భోజనానికి ముందే బల్ల దగ్గర పని అంతా అయిపోతుంది. మొత్తం కలిపితే రెండు గంటలు, ఒక్కోరోజు అంతకూడా ఉండదు. రెండు గంటల్లో ఏం చదువుతారని ఆశ్చర్యపోయేవాళ్లకు ఒకటే చెబుతాను: ఒకరిద్దరు పిల్లలు, ఎదురుగా ఒక పెద్ద మనిషి. హాజరు పిలవడం లేదు, మిగతా ముప్పై మంది రాసేదాకా ఆగడం లేదు.

ఇక నాకు ఇది ఎందుకంత నచ్చిందో చెబుతాను.

ఒకసారి శిలాజాలు వెతికి అమ్ముకుని బతికిన మేరీ ఆనింగ్ జీవితం చదివి వినిపించాను. ఆమె ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టింది, పేదపిల్ల. 1811లో అన్న జోసెఫ్‌కు ఒక వింత జంతువు పుర్రె దొరికితే, మరుసటి ఏడాది మిగతా అస్థిపంజరం మేరీకి దొరికింది. అది ఇక్తియోసార్ అనే, అంతరించిపోయిన సముద్రపు సరీసృపం. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. చదవడం అయ్యాక పుస్తకం మూసి చెప్పమన్నాను. మా అమ్మాయి మొదలుపెట్టింది: "ఆమెకు ట్రే అని కుక్క ఉండేది. రోజూ ఆమెతోపాటు వచ్చి రాళ్ల దగ్గర కాపలా ఉండేది. ఒకరోజు కొండచరియ విరిగిపడింది. కుక్క చనిపోయింది. ఆమె పక్కనే ఉంది కానీ బతికిపోయింది. మళ్లీ మర్నాడు అక్కడికే వెళ్లాలి కదా అమ్మా, ఎలా వెళ్లింది?"

ఇక్తియోసార్ ఊసే లేదు. ప్రశ్నపత్రం ఇచ్చి ఉంటే మార్కులు పోయేవి. కానీ ఆ శిలాజాలు ఎంత ప్రమాదం మధ్య దొరికాయో, అది ఆమెకు రోజువారీ బతుకుతెరువు అని, నేను ఒక్క ముక్క వివరించకుండానే దానికి అర్థమైంది. 1833లో జరిగిన ఆ ప్రమాదం పుస్తకంలో రెండు వాక్యాలే ఉంది. పిల్లలకు ఏది తగులుతుందో మనం ముందే నిర్ణయించలేం. ప్రశ్నలు మనం వేస్తే మనకు ముఖ్యమైనదే బయటికొస్తుంది, వాళ్లని చెప్పనిస్తే వాళ్ల లోపల మిగిలింది వస్తుంది. అస్థిపంజరం సంగతి కొన్నాళ్లకు అదే వచ్చి అడిగి తెలుసుకుంది.

ఇంకో ఉదాహరణ. సీతాకోకచిలుక పాఠం. నాలుగు దశలూ వరసగా చెప్పింది. గొంగళిపురుగు పెరిగేకొద్దీ చర్మం ఎందుకు విడుస్తుందంటే, "చొక్కా బిగుతైతే విప్పేసినట్టు" అంది. నేను చదివిన పుస్తకంలో ఆ మాట లేదు, అది దాని సొంతం. నాకు చాలా సంతోషం వేసింది. ఆ తర్వాత, "నోట్లోంచి దారం తీసి గూడు అల్లుకుని లోపల పడుకుంది" అంది. అది పట్టుపురుగు కథ. సీతాకోకచిలుకల్లో చాలావాటికి పట్టుగూడు ఉండదు. గొంగళిపురుగు చివరిసారి చర్మం విడిచినప్పుడు లోపలున్న ప్యూపా బయటపడుతుంది. మూడో దశ పేరేమిటని అడిగి ఉంటే ప్యూపా అనేది, నేను టిక్కు పెట్టేదాన్ని, ఆ గందరగోళం లోపలే ఉండిపోయేది. బిడ్డకు ఏం రాదో ఇంత శుభ్రంగా చూపించే సాధనం నాకు ఇంకొకటి దొరకలేదు. అందుకే పరీక్షలు, వర్క్‌షీట్లు మాకు అక్కర్లేదని చాలాకాలం అందరితో అన్నాను.

దీనికి పరిశోధన బలం కూడా ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. వాళ్లు పెద్దవాళ్లు, నావాళ్లు చిన్నపిల్లలు, ఆ తేడా ఉంది. అయినా ఇంట్లో నేను చూసేది దానికి దగ్గరగానే ఉంటుంది: అమ్మాయి తిరిగి చెప్పిన పాఠం నెలల తర్వాత కూడా ఏదో మాటల్లో బయటికొస్తుంది, ఊరికే విన్నది రాదు.

ఇప్పుడు ఈ పద్ధతి దెబ్బతీసిన సంగతి. దీన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చదివిన పరిచయ వ్యాసాల్లో ఎక్కడా ఈ హెచ్చరిక కనిపించలేదు.

అమ్మాయికి ఏడున్నర వచ్చేసరికి కథల పుస్తకాలు గలగలా చదువుతోందని అనుకున్నాం. వేలు పెట్టి, స్వరం మార్చి, బొమ్మ చూపించి తమ్ముడికి చదివి వినిపించేది. ఒకరోజు నేను దాని వెనక నిలబడి పేజీ వైపు చూశాను. పుస్తకంలో "ఉడుత గబుక్కున పక్క కొమ్మ మీదికి గెంతింది" అని ఉంది. అది చదివింది: "ఉడుత ఒక్కసారిగా చెట్టు మీదికి దూకింది." అర్థం ఒకటే. మాటలు వేరు. తర్వాతి వాక్యమూ అంతే. అది చదవడం లేదు, ఆ పేజీని తిరిగి చెబుతోంది. మేము రోజూ మెచ్చుకుంటూ వచ్చిన నైపుణ్యాన్నే అక్కడా వాడుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ తెరవని ఒక పుస్తకం తీసి, బొమ్మలు లేని పేజీ ఇచ్చాను. మొదటి వాక్యంలో తేలిక మాటలు దాటింది. "చెట్టు", "అమ్మ" లాంటి ద్విత్వాలు బాగానే వచ్చాయి. "వజ్రం" దగ్గర ఆగింది. "వ" అని నా ముఖం చూసింది. "సముద్రం" మొదటి రెండు అక్షరాలు చూసి ఊహించి చెప్పేసింది, "స్నానం" దగ్గర మళ్లీ ఆగింది. గుణింతాలన్నీ వచ్చు, వేరు వేరు హల్లులు కలిసిన సంయుక్తాక్షరాలు మాత్రం రావు. రెండు నిమిషాలకే పుస్తకం పక్కకు నెట్టి, "ఈ కథ బాగోలేదు" అని ఏడ్చింది. మా ఆయనా నేనూ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే అంతవరకూ ఏ చిన్న సూచనా కనబడలేదు. బాగా చెప్పే బిడ్డ కాబట్టే కనబడలేదు.

1986లో గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు దీన్ని సూటిగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను శబ్దాలుగా విప్పుకోవడం, భాష అర్థం కావడం, ఈ రెంటి గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. నరేషన్ రెండోదాన్ని అద్భుతంగా పెంచుతుంది. మొదటిదాన్ని ముట్టుకోదు. పైగా రెండోది బలంగా ఉంటే మొదటిది ఉన్నట్టే కనిపిస్తుంది.

అప్పటి నుంచి రెండింటినీ విడదీశాం. పొద్దున్న లెక్కల తర్వాత పది నిమిషాలు చదవడానికే. ఎప్పుడూ వినని పాఠం, బొమ్మ ఉంటే దాని మీద కాగితం కప్పడం, ఉన్న మాట ఉన్నట్టు చదవడం. వారానికి ఒక వత్తు తీసుకుని ఆ వత్తు ఉన్న మాటలే వెతికి రాశాం: ర వత్తుతో మొదలుపెట్టాం, చక్రం, వజ్రం, పత్రం, నిద్ర. ఇక్కడ వర్క్‌షీట్లు వాడాను, అవి బాగా పనికొచ్చాయి. తేరుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు కొత్త పుస్తకం ఇచ్చినా సొంతంగా చదువుతుంది, కానీ గట్టిగా చదివేటప్పుడు మాట మార్చేసే అలవాటు ఇంకా అప్పుడప్పుడు తొంగిచూస్తుంది.

లెక్కల్లో కూడా ఇలాంటిదే ఉంది, చిన్నది. 52లోంచి 27 ఎలా తీయాలో నోటితో చెప్పమంటే చక్కగా చెప్పింది: రెండులోంచి ఏడు పోదు, పక్కనున్న ఐదు దగ్గర ఒక పది తెచ్చుకోవాలి, పన్నెండు అవుతుంది. చెప్పి, నోట్‌బుక్‌లో 35 అని రాసింది. తెచ్చుకున్న పదిని ఐదులోంచి తగ్గించలేదు. పుల్లల కట్టలు తెచ్చి, ఐదు పదుల కట్టల్లో ఒకటి దాని చేత్తో విప్పించాక, మిగిలినవి నాలుగు కట్టలని అదే చూసి, జవాబు 25గా దిద్దుకుంది. లెక్కల్ని మేము చెప్పించడం మానలేదు గానీ, పుల్లలు ముందు, మాటలు తర్వాత.

చిన్నోడి సంగతి వేరు. వాడికి ఆరేళ్లు నిండలేదు కాబట్టి అడగడం లేదు, అక్క చెబుతుంటే పక్కన బొమ్మ వేస్తుంటాడు. వాడు మాటకారి కాదు. సీతాకోకచిలుక పాఠం రోజు ఖాళీ చర్మం పక్కన ప్యూపా వేలాడుతున్నట్టు గీశాడు, అక్క కంటే సరిగ్గా. వాడికి బొమ్మే నరేషన్ అని ప్రస్తుతానికి అనుకుంటున్నాం. మాట్లాడటం కష్టమయ్యే పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు ఉంటే "నువ్వు చెప్పు" అనే మాట రోజూ వాళ్ల మీద బరువు కావచ్చు. మా పెద్దది పుట్టుకతో కబుర్ల పోగు, ఈ పద్ధతికి వచ్చిన మంచిపేరులో సగం దాని స్వభావానిదే అయ్యుండొచ్చు.

పెద్దవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. ఇది ఖర్చు లేని పద్ధతే గానీ శ్రమ లేని పద్ధతి కాదు. బిడ్డ చెబుతున్నప్పుడు ఫోన్ చూడలేం, వంట చేయలేం. సగం వింటే వాళ్లకు వెంటనే తెలుస్తుంది, రెండు వాక్యాల్లో ముగించేస్తారు. పాఠం మనం ముందురోజే చదివి ఉండాలి, లేకపోతే అది వదిలేసింది ఏమిటో మనకే తెలియదు. గొంతు బాగోలేని రోజుల్లో మా ఆయన చదువుతారు.

మా ఇద్దరిలో ఒకరం పొద్దున పూట ఇంట్లో ఖాళీగా ఉండగలుగుతున్నాం, నా పని మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది, పిల్లలు ఇద్దరే. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నాకు ఇది దివ్యంగా సరిపోయింది. ముగ్గురు నలుగురు వేర్వేరు వయసుల పిల్లలున్నవాళ్లు, ఇద్దరూ పూర్తి సమయం పనిచేసేవాళ్లు దీన్ని రోజూ చేయగలరని చెప్పలేను. వారంలో రెండు రోజులు చేసినా లాభమే అనుకుంటాను. చదవడం ఇంకా రాని బిడ్డతో అయితే, మొదటి రోజు నుంచే అక్షరాల పనిని దీనికి దూరంగా, వేరే సమయంలో పెట్టుకోమని మాత్రం గట్టిగా చెబుతాను.

పదేళ్లు వచ్చాక నోటితో చెప్పింది రాతలోకి మార్చాలంటారు. మాకు అది వచ్చే ఏడాది. అమ్మాయి చేతిరాత ఇంకా నెమ్మది కాబట్టి, పాఠమంతా నోటితో చెప్పించి చివరి రెండు వాక్యాలే రాయించాలని అనుకుంటున్నాం.